మంచినీళ్ళ నుండి ఆరవ లక్ష్యం వరకు: నెల్లూరు, నల్లగొండ ఫ్లోరైడ్ చరిత్రలో ‘సురక్షిత జలం’

2012 మార్చి 6వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సంయుక్తంగా ఒక ప్రకటన చేశాయి. సురక్షితమైన తాగునీరు అందని ప్రజల నిష్పత్తిని 2015 నాటికి సగానికి తగ్గించాలన్న సహస్రాబ్ది అభివృద్ధి లక్ష్యం గడువుకు అయిదేళ్ళ ముందే, అంటే 2010 నాటికే, నెరవేరిందని అందులో పేర్కొన్నాయి. ప్రపంచ జనాభాలో 89 శాతం మందికి మెరుగైన నీటివనరు అందుబాటులోకి వచ్చింది. 1990–2010 మధ్య ఆ విధంగా లబ్ధి పొందినవారు 200 కోట్లకు పైబడ్డారు. వారిలో దాదాపు సగం మంది చైనా, భారతదేశాలకు చెందినవారే. అభివృద్ధి చెందుతున్న దేశాల చరిత్రలో ఇంత స్పష్టంగా సాధించిన ప్రపంచ లక్ష్యాలు చాలా తక్కువ.

అదే 2010లో నల్లగొండ జిల్లా పశ్చిమ భాగాన మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాలలో వెన్ను వంగిపోయి, మెడ తిప్పలేక, మంచం దిగడానికి మరొకరి చేయి పట్టుకోవలసిన మనుషులు ఉన్నారు. వారి ఊరి చేతిపంపు ‘మెరుగైన వనరు’. కనుక ప్రపంచ గణాంకం దృష్టిలో వారు లబ్ధిదారులే. ఈ వైరుధ్యాన్ని గణించేవారి అజాగ్రత్తగా భావిస్తే విషయం అక్కడితో ముగుస్తుంది. కానీ గణన నియమాల ప్రకారం ఆ లెక్క సరైనదే. నీరు సురక్షితమని ఎప్పుడు, ఎవరు, దేనిని బట్టి అన్నారన్న చరిత్రలో ఈ వైరుధ్యానికి మూలాలు ఉన్నాయి. తెలుగునేలపై నెల్లూరు, నల్లగొండలలో ఆ చరిత్రకు ఎనభై ఏళ్ళకు పైబడిన ఆధారాలు లభిస్తున్నాయి. సుస్థిరాభివృద్ధి లక్ష్యాలలో ఆరవదైన నీటి లక్ష్యం దిశగా భారతదేశ ప్రగతిని అంచనా వేయడానికి ఈ రెండు జిల్లాల అనుభవం తగిన గీటురాయి.

రుచి చెప్పగలిగినది, చెప్పలేనిది

తెలుగువారు తాగే నీటిని మంచినీళ్ళు అంటారు. ఈ సమాసంలోని ‘మంచి’ ఒకప్పుడు ఖచ్చితమైన అర్థం గల విశేషణం. ఉప్పునీళ్ళకు అది ప్రతియోగి. మెట్ట ప్రాంతపు ఊళ్ళలో మంచినీళ్ళ బావి ఒకటి, వాడుక నీళ్ళకు ఉప్పునీళ్ళ బావి మరొకటి ఉండేవి. ఏది మంచిదో నాలుక చెప్పేది. నాలుక చెప్పలేనిది పొయ్యి చెప్పేది. పప్పు త్వరగా ఉడికితే మంచినీళ్ళు, ఉడకక గుగ్గిళ్ళలా మిగిలితే కావు. తరతరాల అనుభవంతో ఏర్పడిన ఈ పరీక్షలు నీటిలోని లవణాన్ని, కాఠిన్యాన్ని చాలావరకు సరిగానే పట్టుకున్నాయి. ఆ మంచినీళ్ళ బావిలో చేద వేసే హక్కు ఎవరికి ఉండేదన్నది కులంతో ముడిపడిన వేరొక చరిత్ర. ఊరి మంచినీళ్ళు ఊరందరివీ ఏనాడూ కావు.

ఫ్లోరైడ్ విషయంలో ఈ దేశీయ జ్ఞానం అక్కరకు రాలేదు. ఫ్లోరైడ్‌కు హాని చేసే మోతాదులోనూ రుచి, రంగు, వాసన ఉండవు. పైగా నీటిలో సున్నపు అంశం తక్కువగా, క్షారగుణం ఎక్కువగా ఉన్నచోట అది రాళ్ళ నుండి ఎక్కువగా కరుగుతుంది. అటువంటి నీరు పప్పు ఉడికే పరీక్షలో నెగ్గే అవకాశమే ఎక్కువ. నల్లగొండ, పశ్చిమ ప్రకాశం ప్రాంతాల నేల అడుగున ఉన్నవి గ్రానైటు, నైస్ శిలలు. వాటిలోని ఫ్లోరైటు, అపటైటు, బయొటైటు ఖనిజాలతో నీరు ఎంత ఎక్కువ కాలం ఒరుసుకుంటే అంత ఎక్కువ ఫ్లోరైడ్ అందులో చేరుతుంది. వాన కురిసి చెరువులో నిలిచిన నీటికి ఆ సమయం ఉండదు. రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీటికి ఉంటుంది.

ఇరవయ్యవ శతాబ్దిలో పరిపాలనా పరిభాష నుండి ‘రక్షిత మంచినీటి సరఫరా’ అనే మాట తెలుగులోకి వచ్చి ‘మంచి’ పక్కన చేరింది. దేని నుండి రక్షణ అన్న ప్రశ్నకు ఆనాటి సమాధానం ఒక్కటే, క్రిముల నుండి. కలరా, విరేచనాలు, టైఫాయిడ్ ఏటా వేలమందిని బలిగొంటున్న కాలంలో ఆ సమాధానాన్ని తప్పుపట్టలేము. అయితే నాలుకకు తెలియనిదే, క్రిమినాశక ద్రావణానికి కూడా లొంగనిదే అయిన ఒక మూలకం ఈ రెండు మాటలకూ అందకుండా పోయింది.

నెల్లూరు, 1937

ఫ్లోరోసిస్ భారతదేశంలో శాస్త్రీయంగా గుర్తింపు పొందినది తెలుగునేలపైనే. పళ్ళపై పడే గోధుమరంగు చారలకు తాగునీటిలోని ఫ్లోరైడ్ కారణమని అమెరికాలో 1931లో తేలింది. ఆరేళ్ళు తిరగకముందే, 1937లో, మదరాసు గిండీలోని కింగ్ సంస్థకు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి ప్రబలి ఉన్న తీరును ‘ఇండియన్ మెడికల్ గెజెట్’లో ప్రకటించారు. నాటి నెల్లూరు జిల్లాలోని మెట్ట తాలూకాలే తరువాత కాలంలో ఫ్లోరోసిస్‌కు పేరుమోసిన దర్శి, పొదిలి, కనిగిరి. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడి, అనంతరం ప్రకాశం జిల్లాగా పేరు మారిన జిల్లాలో అవి చేరాయి. పేరు మారినా నీరు మారలేదు.

వైద్య సాహిత్యంలో తరచుగా కనిపించే కథనం ప్రకారం ఈ వ్యాధిని మొదట పసిగట్టినవారు రైతులు. కొత్తగా తెచ్చిన ఎడ్లు కొంతకాలానికి కాళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం వారి కంటబడింది. ఎద్దు కుంటుపడితే సేద్యం ఆగుతుంది. మనిషి నడుము పట్టేస్తే దానిని వయసుకో వాతానికో ముడిపెట్టి ఊరుకోవచ్చు. పశువులో వెంటనే గమనించిన దానిని మనిషిలో ఆలస్యంగా గమనించడం వెనుక ఉన్న ఆర్థిక కారణాన్ని వైద్య చరిత్రకారులు అంతగా పట్టించుకోలేదు.

1940లో పండిట్, రాఘవాచారి మరికొందరితో కలిసి వెలువరించిన రెండవ అధ్యయనం ఇంకా ముఖ్యమైనది. పిల్లల పళ్ళ మచ్చలకు, పెద్దల ఎముకల వైకల్యానికి నీటిలోని ఫ్లోరైడ్ పరిమాణంతో పాటు పోషకాహార లోపమూ కారణమవుతుందని అది సూచించింది. ఒకే బావి నీరు తాగిన ఇద్దరిలో పాలు, కూరలు తినగలిగినవాని కంటే కూలివాని ఎముక ముందు పాడవుతుంది. ఎండలో పనిచేసేవారు తాగే నీరు ఎక్కువ గనుక వారి దేహంలో చేరే ఫ్లోరైడ్ కూడా ఎక్కువే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి. భారతీయ ప్రమాణం 1 మిల్లీగ్రామును కోరదగిన పరిమితిగా నిర్ణయించి, వేరే వనరు లేనిచోట మాత్రమే 1.5 వరకు అనుమతించింది. ఉష్ణదేశంలో మనిషి తాగే నీటిని బట్టి చూస్తే ఈ తేడా సహేతుకమైనది.

ఈ వ్యాధి స్వభావం 1940 నాటికే స్థూలంగా తెలిసింది. ఏ నీటి వల్ల వస్తుందో, ఎవరికి ముందు వస్తుందో, వచ్చిన తరువాత పోదనీ తెలిసింది. ఆ జ్ఞానం నీటి సరఫరా విధానంలోకి ప్రవేశించడానికి పట్టిన కాలమే ఈ చరిత్రలో అసలు విషయం.

నల్లగొండ: జిల్లా పేరే ఒక పద్ధతి పేరు

నిజాం రాజ్యంలో భాగమైన నల్లగొండ మదరాసు ప్రయోగశాలల పరిధికి వెలుపల ఉండేది. అక్కడి వ్యాధిపై సిద్దిఖీ రచించిన సమగ్ర వ్యాసం ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో 1955లో వెలువడింది. అదే సంవత్సరం డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ అదే జిల్లా సరిహద్దున నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలినప్పుడు ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడల వైపు సాగింది. ఎత్తున ఉన్న పశ్చిమ భాగం ఆ నీటికి అందలేదు. ఒకే జిల్లాలో ఒకవైపు వరిమడులు, మరొకవైపు బోరుబావులు అన్న విభజన అప్పటి నుండి స్థిరపడింది.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ‘లాన్సెట్’ పత్రికలో ఒక కొత్త రూపాన్ని వర్ణించారు. ఫ్లోరోసిస్ ప్రాంతపు కౌమారవయస్కులలో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానినొకటి ఒరుసుకుంటున్నాయి. అంతకుముందు వరకు నడివయసు వ్యాధిగా భావించినది బడిపిల్లల కాళ్ళకు చేరింది. జొన్న ప్రధానాహారం కావడానికి, అందులోని మాలిబ్డినానికి, దేహం రాగిని కోల్పోవడానికి మధ్య సంబంధాన్ని ఆ సంస్థ తదుపరి అధ్యయనాలు పరిశీలించాయి. ప్రాజెక్టుల పరిసరాలలో భూగర్భ జలమట్టంతో పాటు నేల క్షారత పెరగడం దీనికి దోహదం చేసిందా అన్న చర్చ కూడా ఆ దశాబ్దంలోనే మొదలయింది. ఆ చర్చ తుది నిర్ణయానికి రాలేదు. కానీ నీటిని ఒంటరిగా కాక ఆహారం, నేల, ఆనకట్టలతో కలిపి చూడాలన్న దృష్టికి అది ఒక తొలి ఉదాహరణ. సుస్థిరాభివృద్ధి అనే మాట ఇంకా పుట్టని రోజులవి.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు ప్రక్రియకు ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు వచ్చింది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు తగు పాళ్ళలో కలిపి, కలియబెట్టి, మడ్డి పేరుకున్న తరువాత పైనీటిని వడపోయడమే ఆ పద్ధతి. విద్యుత్తు లేనిచోట కూడా బిందెలతో చేసుకోగలిగినది. తూర్పు ఆఫ్రికాలోని ఫ్లోరైడ్ ప్రాంతాలలోనూ దానిని వాడి చూశారు. జిల్లా పేరు ఆ విధంగా అంతర్జాతీయ నీటి సాంకేతిక గ్రంథాలకు ఎక్కింది. జిల్లాలో మాత్రం అది నిలదొక్కుకోలేదు. నీటి ఫ్లోరైడ్, క్షారతలను బట్టి పటిక పాలు మార్చాలి. ప్రతిరోజూ మనిషి పట్టించుకోవాలి. మిగిలిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. పటిక ఎక్కువైతే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. యంత్రం నిర్మించడానికి నిధులు ఉండి, దానిని నడిపే మనిషికి జీతం లేని గ్రామీణ పథకాల బలహీనత ఇక్కడ స్పష్టంగా బయటపడింది.

గొట్టపు బావి దశాబ్దం

1977 మార్చిలో అర్జెంటీనాలోని మార్ దెల్ ప్లాతా నగరంలో జరిగిన ఐక్యరాజ్యసమితి జలసదస్సు పర్యవసానంగా 1981–1990 దశకాన్ని అంతర్జాతీయ తాగునీరు, పారిశుధ్య దశాబ్దంగా ప్రకటించారు. అందరికీ 1990 నాటికి సురక్షిత నీరు అన్నది దాని నినాదం. నేటి ఆరవ లక్ష్యానికి ఇది ప్రత్యక్ష పూర్వరూపం. భారతదేశం అప్పటికే ఆ దారిన నడుస్తున్నది. 1966–67 బీహారు కరవు తరువాత యునిసెఫ్ సాయంతో గట్టిరాతిని తొలిచే యంత్రాలు దేశంలోకి వచ్చాయి. 1972–73లో కేంద్రం వేగవంత గ్రామీణ నీటి సరఫరా కార్యక్రమాన్ని ప్రారంభించింది. 1970ల చివర ‘ఇండియా మార్క్ 2’ చేతిపంపు రూపుదిద్దుకొన్నది. మనిషికి రోజుకు 40 లీటర్లు, 250 మందికి ఒక పంపు అన్నవి ప్రమాణాలయ్యాయి. తెలంగాణ పల్లె దానిని ‘బోరింగు’ అని పిలుచుకొన్నది.

ఈ బోరింగును నేడు దోషిగా నిలబెట్టడం తేలిక, అన్యాయం కూడా. దిగుడుబావిలో కాళ్ళు పెట్టి నీళ్ళు ముంచుకొన్న తరాలను నారికురుపు పీడించింది. మెట్లబావుల స్థానంలో చేతిపంపులు రావడం ఆ వ్యాధి నిర్మూలనలో ప్రధానమైన అంశం. నారికురుపు ప్రబలిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశంలో చివరి రోగి 1996లో నమోదయ్యాడు. 2000లో భారతదేశం ఆ వ్యాధి నుండి విముక్తమైనట్లు గుర్తింపు వచ్చింది. అతిసారం నుండి ఎందరు పిల్లలు బయటపడ్డారో కూడా ఈ లెక్కలో చేర్చాలి. ఆడవారు మైళ్ళ కొద్దీ మోసిన బిందె బరువు తగ్గడం మరొక లాభం. అదీ కాక, 1937 నాటి నెల్లూరు రోగులు తాగినది చేదబావుల నీరే. ఫ్లోరోసిస్‌ను బోరుబావి కొత్తగా సృష్టించలేదు.

అయితే బోరుబావి చేసిన పని మరొకటి ఉంది. నీటి కోసం పైకి చూసే అలవాటును అది మాన్పించింది. చెరువు, కుంట, ఊటబావి ఉన్నచోట వాటి నిర్వహణ వెనుకబడింది. సేద్యానికి కూడా బోర్లు విస్తరించడంతో జలమట్టం పడిపోయి, ప్రతి కరవులోనూ గొట్టం మరింత లోతుకు దిగింది. క్రిముల కోణం నుండి చూస్తే లోతు భద్రత. రాతి కోణం నుండి చూస్తే లోతు ప్రమాదానికి దగ్గరి దారి. తవ్విన ప్రతి బోరును ఫ్లోరైడ్ కోసం పరీక్షించాలన్న నియమం అమలుకు వచ్చేసరికి దశాబ్దం గడిచిపోయింది. 1986లో ఏర్పడిన జాతీయ తాగునీటి సాంకేతిక మిషన్ ఫ్లోరోసిస్ నియంత్రణను ప్రత్యేకాంశంగా స్వీకరించింది. అప్పటికి పంపులు దిగిపోయి ఉన్నాయి. నెల్లూరు వ్యాసాలకు అర్ధశతాబ్ది నిండవచ్చింది.

బంగ్లాదేశ్ అనుభవం ఇందుకు తోబుట్టువు వంటిది. చెరువు నీటి అతిసారం నుండి పిల్లలను కాపాడడానికి అక్కడ లక్షల సంఖ్యలో గొట్టపు బావులు వేశారు. 1990లలో ఆ నీటిలో ఆర్సెనిక్ బయటపడింది. ఈ రెండు దేశాలలోనూ ఒక వ్యాధిని నివారించిన సాధనమే మరొక వ్యాధికి వాహిక అయింది. రెండుచోట్లా సాధనాన్ని లెక్కించారు, నీటిని లెక్కించలేదు.

480 పేర్ల బ్యాలెట్

1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ నియోజకవర్గం నుండి 480 మంది అభ్యర్థులు పోటీ చేశారు. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపు మేరకు రైతులు, ఫ్లోరోసిస్ బాధితులు మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమయింది. ఆ నియోజకవర్గంలో పోలింగును వాయిదా వేయవలసి వచ్చింది. గెలిచినవారు సి.పి.ఐ. అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. ఓడినవారి ఉద్దేశం గెలుపు కాదు. కృష్ణా నది జిల్లా అంచున పారుతుండగా తమకు రాతినీరే గతి కావడాన్ని దేశం గమనించాలన్నదే వారి కోరిక.

దేశం గమనించింది. ఆ సంవత్సరమే ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెంచారు. గుర్తింపు పొందిన పార్టీ మద్దతు లేని అభ్యర్థిని పదిమంది ప్రతిపాదించాలన్న నిబంధన చేర్చారు. నల్లగొండతో పాటు కర్ణాటకలోని బెళగావి, తమిళనాడులోని మొడకురిచ్చి అనుభవాలు ఈ సవరణకు నేపథ్యం. నీటిని గురించి వేసిన ప్రశ్నకు ఎన్నికల నియమావళి రూపంలో సమాధానం రావడం భారత ప్రజాస్వామ్య చరిత్రలో ఒక విచిత్ర ఘట్టం. ఆ తరువాతి దశాబ్దంలో కృష్ణా జలం నల్లగొండ జిల్లాలోని అక్కంపల్లి జలాశయం నుండి గొట్టాల గుండా హైదరాబాదు మహానగరానికి చేరింది. ఫ్లోరైడ్ గ్రామాలలో కొన్నింటికి అదే నీరు అందించే పథకాలూ వచ్చాయి. కానీ మొదటి పెద్దగొట్టం ప్రయాణం నగరం వైపే. పశ్చిమ ప్రకాశం ఆశలు పెట్టుకొన్న వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగినదీ 1996లోనే. కనిగిరి ప్రాంతం ఆ నీటి కోసం ఒక తరం కాలం నిరీక్షించింది.

నిర్వచనం మారిన సంవత్సరం

సహస్రాబ్ది లక్ష్యం వాక్యంలో ‘సురక్షిత’ అన్న మాట ఉంది. దానిని కొలిచే సూచికలో మాత్రం ‘మెరుగైన వనరు’ అని ఉంది. కొళాయి, గొట్టపు బావి, గట్టు కట్టిన బావి, వాననీటి సేకరణ మెరుగైనవి. గట్టులేని బావి, చెరువు మెరుగుపడనివి. ప్రపంచవ్యాప్తంగా ప్రతి ఇంటి నీటిని పరీక్షించే స్తోమత లేనప్పుడు వనరు రూపాన్ని బట్టి నాణ్యతను ఊహించడం అనివార్యమని గణకులు భావించారు. నీటి నాణ్యతను నేరుగా కొలవలేకపోయామన్న అంగీకారం 2012 నివేదికలోనే ఉంది. ఈ నియమం ప్రకారం లీటరుకు అయిదు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరింగు ప్రగతి, ఫ్లోరైడ్ లేని చెరువు వెనుకబాటు.

2015 సెప్టెంబరు 25న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 లక్ష్యాలు, 169 ఉపలక్ష్యాలలో ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం జరిగింది. 6.1 ఉపలక్ష్యానికి సూచిక ‘సురక్షితంగా నిర్వహింపబడే తాగునీటి సేవ’. నీరు ఇంటి ఆవరణలో ఉండాలి, అవసరమైనప్పుడు రావాలి, మలసంబంధమైన క్రిములు, ప్రాధాన్య రసాయనాలు లేనిదై ఉండాలి. ప్రాధాన్య రసాయనాలుగా పేర్కొన్నవి రెండు, ఆర్సెనిక్, ఫ్లోరైడ్. నెల్లూరు వ్యాసం వెలువడిన 78 ఏళ్ళకు ఆ మూలకం ప్రపంచ గణాంక నిర్వచనంలో చోటు సంపాదించుకొన్నది. ఆరవ లక్ష్యపు చరిత్రలో నల్లగొండ, కనిగిరి ప్రజల వాటాను గుర్తించదగిన స్థానం ఇదే.

ఆ తరువాతి ప్రగతి వేగవంతమైనది, దానిని తక్కువ చేయడం చరిత్రకు న్యాయం కాదు. తెలంగాణ ప్రభుత్వం నదీజలాన్ని శుద్ధిచేసి ఇంటింటికీ అందించే మిషన్ భగీరథను చేపట్టింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ ప్రాంతంలోని కోమటిబండలో ప్రధానమంత్రి దానిని ప్రారంభించారు. ఫ్లోరైడ్ ప్రాంతపు ముంగిట ఉన్న చౌటుప్పల్‌లో పైలాన్ నిర్మించడంలోని సంకేతం స్పష్టమే. 2020 నాటికి తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాల సంఖ్య అధికారిక జాబితాలో సున్నాకు చేరింది. 2019 ఆగస్టు 15న కేంద్రం జలజీవన్ మిషన్‌ను ప్రకటించేనాటికి దేశంలో 3.23 కోట్ల గ్రామీణ గృహాలకు, అంటే సుమారు 17 శాతానికి, కొళాయి ఉంది. అయిదేళ్ళలో ఆ సంఖ్య దాదాపు 15 కోట్లకు పెరిగింది. నీతి ఆయోగ్ సూచీలో ఆరవ లక్ష్యానికి దేశం సాధించిన మార్కులు 2018లో 63, 2023–24లో 89. అన్ని లక్ష్యాల సగటు అదే కాలంలో 57 నుండి 71కి మాత్రమే పెరిగింది. నీరు దేశానికి మంచి మార్కులు తెచ్చిపెట్టిన పాఠ్యాంశం.

ఆ మార్కులు వేసిన ప్రశ్నపత్రాన్ని కూడా చూడాలి. 2023–24 సూచీ ప్రకారం గ్రామీణ జనాభాలో 99.29 శాతానికి మెరుగైన తాగునీటి వనరు ఉంది. ప్రపంచం 2015లో విడిచిపెట్టిన ‘మెరుగైన వనరు’ అన్న కొలమానం జాతీయ సూచీలో ఇంకా నిలిచే ఉంది. కొళాయి సంఖ్య కూడా వనరు రూపాన్నే చెబుతుంది. నది నుండి గొట్టం వచ్చిన నల్లగొండ ఊరిలో కొళాయికి ఒక అర్థం. అదే ఊరి బోరు నీటిని ట్యాంకు కెక్కించి వదిలే కొళాయికి మరొక అర్థం. గొట్టం పగిలి సరఫరా ఆగిన నాడు ఆ ఇల్లు తిరిగి వెళ్ళేది బోరింగు దగ్గరకే. బోరు నీటితో పండిన పంట, ఆ నీరు తాగిన పశువు పాలు ఎవరి లెక్కలోనూ లేవు. 2022 చివర జరిగిన మునుగోడు ఉపఎన్నికలో ఫ్లోరైడ్ మళ్ళీ ప్రచారాంశమయింది. సున్నా అయిన జాబితాపై అంత వాగ్వివాదం జరిగిందంటే జాబితాలో లేనిది ఏదో ఊళ్ళో మిగిలి ఉన్నదనే అర్థం.

మిగిలి ఉన్నది ఎముక. ఎముకలో చేరి కీళ్ళ బంధనాలను గట్టిపరచిన ఫ్లోరైడ్ చేసిన వైకల్యం మంచినీరు వచ్చినందువల్ల తొలగిపోదు. 2016 తరువాత పుట్టిన పిల్లవాని పళ్ళు తెల్లగా రావచ్చు. అదే ఇంట్లో 1970లలో పుట్టిన తాత నడుము ఆ మేరకు నిటారు కాదు. ఆవాసాల నీటిని నమోదు చేసేది గ్రామీణ నీటి సరఫరా శాఖ. రోగులను నమోదు చేయవలసినది 2008–09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమం ద్వారా వైద్య ఆరోగ్య శాఖ. మొదటి దస్త్రంలో అంకె సున్నాకు చేరగలదు. రెండవ దస్త్రంలోని అంకె రోగుల మరణంతో మాత్రమే తగ్గుతుంది.

ప్రపంచ లక్ష్యాలలో ఈ రెండవ దస్త్రానికి చోటు దాదాపు దొరకదు. కలుషిత నీరు, రసాయనాల వల్ల కలిగే మరణాలను, అనారోగ్యాలను గణనీయంగా తగ్గించాలని మూడవ లక్ష్యంలోని 3.9 ఉపలక్ష్యం చెబుతుంది. దానికింద ఉన్న మూడు సూచికలూ మరణాల రేట్లే. వాక్యంలో ఉన్న అనారోగ్యం కొలతలోకి రాలేదు, సహస్రాబ్ది లక్ష్యంలోని ‘సురక్షిత’ పదం రానట్లే. ఫ్లోరోసిస్ సాధారణంగా మనిషిని చంపదు. దేశీయ చట్టం వైపు చూస్తే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో ఫ్లోరోసిస్ పేరు ప్రత్యేకంగా లేదు. బాధితుడు చలన వైకల్యం విభాగం కింద రావాలి. మెడ తిరగని, మోకాలు మడవలేని ఆ మనిషి సదరం శిబిరానికి వెళ్ళి 40 శాతం తక్కువ కాకుండా నిర్ధారణ పొందితే పింఛనుకు అర్హుడవుతాడు.